రాగి గొట్టాన్ని కాయిల్‌గా వంచడం: నిమ్మగడ్డి నూనె తీసేవాళ్లకు ఒక ఏసీ మెకానిక్ చెప్పిన మాటలు

(ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు లేకుండానే గట్టిగా మాట్లాడతాను, నాకు మేడల మీద అరిచి అరిచి అలవాటే.

ముందు ఒక చిన్న పని చేద్దాం. తమ్ముడూ, చారల చొక్కా, నువ్వే, ఇలా రా. ఇది పావు అంగుళం రాగి గొట్టం, కొత్తది, ఇవాళ పొద్దున్నే చుట్టలోంచి కోసుకొచ్చాను. దీన్ని చేత్తో వంచు. వంగిందా? ఎంత సులువుగా వంగిందో చూశారు కదా, లేత కొమ్మలాగా. ఇప్పుడు దాన్నే మళ్లీ సాపు చెయ్యి. చూడండి, మొహం మారింది. కష్టంగా ఉందా? ఉంటుంది. ఇప్పుడు అదే చోట మళ్లీ వంచు. ఆగు ఆగు, బలం పెట్టకు, విరుగుతుంది. చాలు, కూర్చో, థ్యాంక్స్.

నేను ఇవాళ చెప్పేది మొత్తం ఈ గొట్టంలోనే ఉంది. బట్టీ అంటే గడ్డి ఉడికే పాత్ర, దాంట్లోంచి ఆవిరి నూనెను మోసుకొస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిచి నీళ్లుగా దించడానికి, చల్లటి నీళ్ల బకెట్‌లో కూర్చోబెట్టే చుట్ల గొట్టమే కాయిల్. రాగి మొదటిసారి మన మాట వింటుంది. రెండోసారి ఎదురు తిరుగుతుంది. మూడోసారి విరుగుతుంది. కాయిల్ చుట్టడంలో తప్పులన్నీ, నేను చేసినవీ నేను చూసినవీ, అన్నీ ఇక్కడే మొదలవుతాయి. సగం చుట్టి, సరిగ్గా రాలేదని విప్పి, సాపు చేసి, మళ్లీ చుట్టడం. ఆ రెండోసారే గొట్టం నొక్కు పడుతుంది.

ఎందుకలా? లోహం లోపల పరమాణువులు వరసల్లో పేర్చినట్టు ఉంటాయి. వంచినప్పుడు ఆ వరసలు ఒకదాని మీద ఒకటి జారతాయి. మొదటిసారి జారడానికి దారి ఖాళీగా ఉంటుంది. జారిన కొద్దీ చిక్కులు పడతాయి, తాడు చిక్కుపడినట్టు, ఇంక జారడానికి సందు ఉండదు. అందుకే గట్టిపడుతుంది. మళ్లీ మెత్తపడాలంటే ఒక్కటే మార్గం, నిప్పు. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను ముప్పై ఏళ్లుగా ఏసీలు, ఫ్రిజ్‌లు బాగు చేస్తున్నాను. రాగి గొట్టం నాకు కొత్త కాదు. కానీ నూనె తీసే బట్టీకి కాయిల్ చుట్టడం నేర్చుకుంది మా బావమరిది వల్ల. రెండెకరాల్లో నిమ్మగడ్డి వేశాడు. గడ్డి బాగా వచ్చింది. పెద్ద యూనిట్‌కి మోసుకెళ్లే ముందు, అసలు మన గడ్డిలో నూనె ఎంత పడుతుంది, ఏ కోతకి ఎంత, నీడలో ఆరబెడితే ఎంత, ఆరబెట్టకపోతే ఎంత, ఇవి ఇంటి దగ్గరే చూసుకోవాలనుకున్నాడు. పదికేజీల గడ్డి పట్టే చిన్న బట్టీ చాలు దానికి. పదికేజీల పచ్చి గడ్డికి యాభై గ్రాముల నూనె అటూ ఇటూగా వస్తుంది, అంతే. మీలో చాలామంది అందుకే వచ్చారు కదా? గులాబీ నీళ్ల కోసం వచ్చినవాళ్లు ఎంతమంది? సరే. తులసి? వట్టివేరు? వట్టివేరుకు ఓపిక కావాలమ్మా, అది రాత్రీ పగలూ ఉడకాలి, నిమ్మగడ్డిలాగా రెండు మూడు గంటల్లో తేలే పని కాదు.

ఇక్కడే ఒక మాట సూటిగా చెప్పేస్తాను. ఈ కాయిల్‌తో సారా కాచవచ్చా అని అడిగేవాళ్లు ప్రతిచోటా ఒకరుంటారు. కాచకూడదు. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం కాచడమే కాదు, కాచడం కోసం సామాను దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. అది చట్టం మాట. నా మాట ఇంకొకటి ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు చేసిన పని అది. వాళ్లు అంత కష్టపడి ఆపినదాన్ని నా చేతి కాయిల్‌తో నేను మళ్లీ ఇంట్లోకి తేను. అందుకని నన్ను ఆ ప్రశ్న అడగొద్దు. నూనె, దానితో పాటు దిగే వాసన నీళ్లు, అంటే సెంటు నీళ్లు, ఇంతే.

సరే, పనిలోకి వద్దాం. అసలు కాయిల్ ఎందుకు? కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్లకు కాయిలే లేదు, తెలుసా? ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్. అక్కడ పువ్వులు ఉడికే పెద్ద రాగి పాత్రను దేగ్ అంటారు. దాని మూతికి ఒక వెదురు గొట్టం, చోంగా అంటారు, పైన తాడు చుట్టి ఉంటుంది. ఆ చివర ఇంకో రాగి పాత్ర, భప్కా, దాన్ని నీళ్ల తొట్టిలో కూర్చోబెడతారు. ఆవిరి వెదురులోంచి వచ్చి భప్కాలోనే చల్లబడుతుంది. అంతే. కాయిల్ లేదు, కుళాయి లేదు, మీటరు లేదు, చెయ్యి పెట్టి చూసి వేడెక్కింది అంటాడు మేస్త్రీ. కానీ అది తరాల చెయ్యి. మనకు ఆ చెయ్యి లేదు. మనకు కావలసింది ఎవరు మంట పెట్టినా, ఎంత పెట్టినా, ఆవిరి బయటికి పోకుండా నీళ్లై దిగడం. దానికి కాయిల్ కావాలి.

ఒక లెక్క చెబుతాను, భయపడకండి, చిన్నదే. కిలో నీళ్లు 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కడానికి 70 కిలో క్యాలరీలు పడతాయి. అదే నీళ్లు, అదే 100 డిగ్రీల దగ్గర, ఆవిరిగా మారడానికి 540 పడతాయి. డెబ్బై ఎక్కడ, అయిదు వందల నలభై ఎక్కడ! ఆవిరి ఆ 540నీ మోసుకొచ్చి మన కాయిల్ మీద దింపుతుంది. అది ఎవరు తీసుకోవాలి? బకెట్‌లో నీళ్లు తీసుకోవాలి. బకెట్ నీళ్లు 30 నుంచి 60 డిగ్రీల దాకా ఎక్కనిస్తాం అనుకుందాం, అప్పుడు ఒక లీటరు సెంటు నీళ్లు దిగాలంటే దాదాపు ఇరవై లీటర్ల చల్లటి నీళ్లు కావాలి. ఒక లీటరుకు ఇరవై! ఇంటి పొయ్యి మీద గంటకు రెండు లీటర్లు దిగితే గంటకు నలభై లీటర్లు. అంటే ఇరవై లీటర్ల బకెట్ నింపి పెట్టి వెళ్లిపోతే అరగంటలో ఆ 60 డిగ్రీలకు చేరుతుంది, ఇంకా కాగనిస్తే ఆవిరి ఆవిరిగానే బయటికొస్తుంది, ఇల్లంతా నిమ్మగడ్డి వాసన కొడుతుంది. వాసన బాగుందే అనుకుంటాం, అదంతా మన నూనే.

అందుకని కుళాయి నీళ్లు సన్నటి ధారగా వస్తూనే ఉండాలి. కింద నుంచి లోపలికి, పై నుంచి బయటికి. చాలామంది పై నుంచి పోస్తారు. వేడి నీళ్లు ఎప్పుడూ పైకే చేరతాయి కదా, స్నానానికి బకెట్‌లో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆవిరి పై నుంచి వస్తుంది, పైన వేడి నీళ్లు కలుస్తాయి, దిగుతూ దిగుతూ చల్లటి నీళ్ల దగ్గరికి వస్తుంది, చివరి చుట్టు అన్నిటికన్నా చల్లగా ఉండాలి. ఆ బయటికొచ్చే వేడి నీళ్లు పారబోయకండి, మళ్లీ బట్టీలోకే పొయ్యండి, గ్యాసు ఆదా.

ఇప్పుడు గొట్టం. ఏసీ సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతుంది. యాభై అడుగుల చుట్టగా వస్తుంది, అప్పడంలాగా బల్లపరుపుగా చుట్టి ఉంటుంది, రెండు చివర్లా ప్లాస్టిక్ మూతలు ఉంటాయి. మూతలు ఉన్నదే తీసుకోండి, లోపల శుభ్రంగా ఉంటుంది. దాన్ని మెత్తటి రకం అంటాం, ఫ్యాక్టరీలోనే కాల్చి మెత్తబరిచి పంపుతారు. ఇంకోటి నిటారు కర్రల్లాగా దొరుకుతుంది, అది గట్టి రకం, దాన్ని వంచబోతే మడత పడుతుంది, వద్దు. పాత ఏసీ విప్పిన గొట్టం చవకగా ఇస్తానంటారు. అస్సలు వద్దు. లోపల కంప్రెసర్ ఆయిల్ పట్టి ఉంటుంది, ఎంత కడిగినా ఆ జిడ్డు పోయిందని నేను సంతకం పెట్టలేను. పైగా అది ఒకసారి వంగిన రాగి. ఒకసారి వంగింది అంటే ఏమిటో ఇప్పుడే చూశారు.

సైజు? హాఫ్ ఇంచ్ తీసుకోండి. పావు అంగుళం అందంగా చుట్టుకుంటుంది, వంచడం సులువు, కానీ ఆవిరికి దారి ఇరుకు. బట్టీలో ఒత్తిడి పెరుగుతుంది. మన బట్టీలో ఒత్తిడి ఉండకూడదు, అది కుక్కర్ కాదు. ఈ మాట రాసుకోండి. మన బట్టీ ఎప్పుడూ తెరిచే ఉండే పాత్ర. కాయిల్ చివర వాల్వు పెట్టకూడదు, బిరడా పెట్టకూడదు, ట్యూబు తగిలించి దాన్ని నీళ్లలో ముంచకూడదు. మూతకు సీలు ఎలా అంటే, దమ్ బిర్యానీకి పెట్టినట్టు గోధుమపిండి ముద్ద పెట్టండి. ఎప్పుడైనా కాయిల్ మూసుకుపోతే ఆ పిండే ముందు ఊడుతుంది, పాత్ర పేలదు. బోల్టులు బిగించి గ్యాస్కెట్ వేసి గొప్పగా చేశాం అనుకునేవాళ్లు ఉన్నారు, నాకు అది చూస్తే టెన్షన్.

ఎంత పొడవు? అయిదు మీటర్లు ఇంటి పొయ్యికి బోలెడు. మూడు మీటర్లతో కూడా నడుస్తుంది కానీ నీళ్లు సరిగ్గా రాని రోజు ఉంటుంది కదా, ఆ రోజు కోసం అయిదు. దానికి రెండు చివర్లా ఒక్కో అడుగు అదనంగా వదలండి, పట్టుకోవడానికి. ఆరు మీటర్లు కోయించుకోండి.

దేని మీద చుట్టాలి? ఇది చూడండి. బోరు వేసినప్పుడు మిగిలిన కేసింగ్ పైపు ముక్క. ఏడు అంగుళాలది, నూట ఎనభై మిల్లీమీటర్లు. ప్రతి ఊళ్లో ప్రతి చేను గట్టునా పడి ఉంటుంది ఇది, ఎవర్నడిగినా ఇస్తారు. దీని మీద హాఫ్ ఇంచ్ గొట్టం చుడితే, వదిలాక కాస్త విచ్చుకుంటుంది, స్ప్రింగులాగా, దాదాపు ఇరవై సెంటీమీటర్ల వెడల్పు చుట్టు వస్తుంది. ఒక్కో చుట్టుకు 63 సెంటీమీటర్లు. ఎనిమిది చుట్లకు అయిదు మీటర్లు. చక్కగా ఇరవై లీటర్ల పెయింట్ బకెట్‌లో కూర్చుంటుంది, చుట్టూ నీళ్లు తిరగడానికి జాగా ఉంటుంది. ఆ పెయింట్ బకెట్ మీదే చుట్టొచ్చు కదా అంటారు. బకెట్ కింద సన్నగా పైన వెడల్పుగా ఉంటుంది, చుట్లన్నీ తలో సైజులో వస్తాయి. గ్యాస్ సిలిండర్ మీద చుట్టిన మనిషిని కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు ఇసుక. గొట్టం ఉత్తగా వంచితే ఏమవుతుంది? బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది, మధ్యలో బోలు కాబట్టి చదునవుతుంది, ఇంకాస్త బలం పెడితే టక్కున మడత. లోపల ఏదైనా గట్టిగా నింపితే నలగడానికి జాగా ఉండదు. చెరకు గడ మడత పడదు, బొప్పాయి కాడ పడుతుంది, ఎందుకు? అది నిండు, ఇది బోలు.

సన్నటి ఇసుక, జల్లించింది, ఎండలో ఆరబెట్టింది, తర్వాత మూకుట్లో వేయించింది. వేయించమంటే నవ్వుతున్నారు, నవ్వకండి. నేను మొదటి కాయిల్‌కి ఎండలో ఆరింది చాలనుకున్నాను. లోపల తడి ఉంది. చుట్టడం బాగానే అయింది, కాయిల్ అందంగా వచ్చింది, కానీ ఇసుక బయటికి రాలేదు. తడికి గడ్డ కట్టి, ఎనిమిది చుట్లలో ఎక్కడ ఇరుక్కుందో తెలియదు. మూడు రోజులు పట్టింది దులపడానికి. అది నయం. ఇంకోసారి అంతకన్నా తప్పు పని చేశాను. ఇసుక నింపి, చివర్లకు చెక్క బిరడాలు కొట్టి ఉన్న గొట్టం, ఒక చోట గట్టిగా ఉందని టార్చి పెట్టి వేడి చేశాను. లోపలి తడి ఆవిరైంది. బిరడా తుపాకీ గుండులాగా వెళ్లి ఎదురు గోడకు తగిలింది. గోడకు తగిలింది కాబట్టి మీతో మాట్లాడుతున్నాను. ఇసుక నింపి ఉన్న గొట్టానికి, రెండు చివర్లూ మూసి ఉన్న ఏ గొట్టానికైనా, మంట చూపించకండి. ఎవరు చెప్పినా సరే.

ఉప్పు వాడొచ్చా? వాడొచ్చు. సన్న ఉప్పు, అది కూడా వేయించి ఆరబెట్టి. దాని సుఖం ఏమిటంటే మిగిలిపోయినా వేడి నీళ్లు పోస్తే కరిగిపోతుంది. ఇబ్బంది ఏమిటంటే మన కోస్తా గాలికి గంటలో చెమ్మ పడుతుంది, రాగిని ఉప్పు చెమ్మ తింటుంది, కాబట్టి నింపిన రోజే చుట్టి, ఆ రోజే బాగా కడిగేయాలి. కొత్తగా చేసేవాళ్లకు నేను ఉప్పే చెబుతాను. నేను మాత్రం ఇసుకే వాడతాను, ఇసుక ఎక్కువ గట్టిగా దిగుతుందని నా నమ్మకం.

నింపడం ఎలా? ముందు గొట్టాన్ని చుట్టలోంచి సాపుగా తీయాలి. ఇక్కడే చాలామంది చివర పట్టుకుని లాగుతారు, స్ప్రింగులాగా మెలి పడుతుంది. అలా కాదు. చివర నేల మీద పెట్టి కాలితో తొక్కిపట్టి, చుట్టను దొర్లించండి, చాప పరిచినట్టు. దొర్లుతూ దొర్లుతూ అదే పరుచుకుంటుంది. ఈ ఒక్కసారి సాపు చేయడం తప్పదు, దీనికే రాగి కొంచెం ఓపిక ఖర్చు పెట్టుకుంటుంది. అందుకే ఇంక మిగతా పని ఒకేసారిలో అవ్వాలి అంటున్నాను.

ఒక చివర చెక్క బిరడా బిగించండి. వేప కొమ్మ చెక్కితే బాగుంటుంది. గొట్టాన్ని నిలువుగా నిలబెట్టాలి, ఆరు మీటర్లు, ఎక్కడ నిలబెడతారు? మేడ మీద నుంచి వేలాడదీయండి. ఒకరు పైన గరాటుతో కూర్చోవాలి, ఒకరు కింద చెక్కతో తడుతూ ఉండాలి. టక్ టక్ టక్, కింద నుంచి పైకి, మళ్లీ కింద నుంచి పైకి. పోసినప్పుడు నిండినట్టే కనపడుతుంది. తడితే జానెడు దిగుతుంది. మళ్లీ పొయ్యండి, మళ్లీ తట్టండి. తట్టినప్పుడు చప్పుడు వినండి, బోలుగా ఉన్న చోట కణకణ మోగుతుంది, నిండిన చోట మొద్దుగా వినపడుతుంది. మొత్తం మొద్దుగా వినపడేదాకా వదలకండి. ఆరు మీటర్లకు అర లీటరుకు పైన ఇసుక పడుతుంది. కొలిచి పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను. పై చివర కూడా బిరడా కొట్టి బిగించండి.

చుట్టడానికి ఇద్దరు కావాలి. ఒక్కరు చేసే పని కాదు ఇది. ఒకరు కేసింగ్ పట్టుకుని మెల్లగా తిప్పుతారు, ఇంకొకరు గొట్టాన్ని బిగువుగా వెనక్కి పట్టి ఉంచుతారు. గొట్టం మొదలును, అడుగు వదిలి, కేసింగ్‌కు తాడుతో గట్టిగా కట్టండి. తీగ వద్దు, తీగ రాగి మీద గాటు పెడుతుంది. తర్వాత, వినండి, గొట్టాన్ని వేళ్లతో వంచకూడదు. కేసింగే వంచుతుంది. మీ పని గొట్టం కేసింగ్‌కు ఎక్కడ తాకుతుందో అక్కడ అరచేత్తో ఆనించి ఉంచడం, అంతే. వేలు పెట్టి నొక్కినచోట గుంట పడుతుంది. అరచెయ్యి అయితే బరువు పరుచుకుంటుంది. చుట్టు పక్కనే చుట్టు, సందు లేకుండా, బావి గిలకకు తాడు చుట్టుకున్నట్టు. మధ్యలో ఆగకండి. ఫోన్ మోగినా తీయకండి. ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట ఒక మూల కనపడుతుంది, నా పాత కాయిల్స్‌లో ఎక్కడ ఆగానో ఇప్పటికీ చూపించగలను.

అయ్యాక తాడు విప్పితే కాస్త విచ్చుకుంటుంది, కేసింగ్ నుంచి జారుతుంది. ఇప్పుడు చుట్ల మధ్య సందు తేవాలి. దీనికి కూడా రెండు చేతులతో రెండు చివర్లూ పట్టి లాగేవాళ్లున్నారు, మధ్యలో ఎక్కువ సాగి చివర్లలో అతుక్కుని ఉంటుంది. రెండు సెంటీమీటర్ల మందం చెక్క ముక్కలు తీసుకుని ఒక్కో చుట్టు మధ్యా దూర్చుకుంటూ రండి. అలా చేస్తే చుట్టుకు చుట్టుకు మూడు సెంటీమీటర్ల పైన వాలు వస్తుంది. మూడు వెదురు బద్దలు నిలువుగా పెట్టి, చుట్లను వాటికి నైలాన్ తాడుతో కట్టేయండి, ఇంక కదలవు.

ఈ వాలు గురించి కొంచెం ఆగుదాం. మీరు ఇంటికెళ్లి మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. కాయిల్ మొదటి నుంచి చివరి దాకా ఎప్పుడూ కిందికే దిగాలి. ఎక్కడా, ఒక్క అరంగుళం కూడా, దిగి మళ్లీ ఎక్కకూడదు. ఎందుకు? దిగిన చోట నీళ్లు నిలుస్తాయి. వెనక నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. దారి లేక ఆ నీళ్లను తోస్తుంది. గుబుక్ మని ఒక్కసారి బయటికి చిమ్ముతుంది. మళ్లీ నిండుతుంది, మళ్లీ గుబుక్. మా బావమరిదికి నేను ఇచ్చిన కాయిల్‌లో మూడో చుట్టు ఒక పక్కకు వాలిపోయింది. బకెట్‌లో పెట్టినప్పుడు వంగి ఉందని ఇద్దరం చూశాం, పర్లేదులే అనుకున్నాం. సీసా పట్టుకుని కూర్చున్నాడు, చెయ్యి మీద చిమ్మింది, మణికట్టు మీద ఇప్పటికీ మచ్చ ఉంది. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది, ఆ పూట పర్లేదులే అనకుండా ఉండాల్సింది.

దీన్ని ఎలా పరీక్ష చేయాలి? లోపల కనపడదు కదా. ఇదిగో, ఇది సైకిల్ బాల్ బేరింగ్ గుండు, ఆరు మిల్లీమీటర్లది. ఇసుక అంతా దులిపాక, మళ్లీ కొలవండి, ఇందాక కొలిచి పెట్టుకోమన్నాను కదా, పోసినంతా బయటికొచ్చిందా లేదా అని. వచ్చాక కాయిల్‌ను బకెట్‌లో ఎలా కూర్చుంటుందో అలాగే పెట్టి, పై నుంచి ఈ గుండు వదలండి. నేను వదులుతాను, మాట్లాడకుండా వినండి.

విన్నారా? చుట్టు చుట్టుకూ ఆ గరగర ఎలా తిరిగిందో, ఆగకుండా? ఇది మంచి కాయిల్. ఆగిందంటే అక్కడ పల్లం ఉంది, లేదా నొక్కు ఉంది. ఆగిపోతే గుండు ఎలా తీయాలి అని అడగబోతున్నారు. రాగికి అయస్కాంతం అంటుకోదు, ఇనుముకి అంటుకుంటుంది. పాత స్పీకర్ లోంచి తీసిన అయస్కాంతాన్ని గొట్టం మీద పెట్టి మెల్లగా జరిపితే లోపల గుండు వెంట వస్తుంది. ఎక్కడ ఆగిందో కూడా అదే చూపిస్తుంది. గొట్టం కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే ఏం ఫర్వాలేదు, ఆవిరికి పట్టింపు లేదు. మడత పడితే మాత్రం ఆ ముక్క పనికిరాదు, కొట్టి సరిచేద్దామని చూడకండి, చీలుతుంది.

మరి వంచుతూ వంచుతూ గట్టిపడిపోతే? అప్పుడు నిప్పు. గొట్టం ఖాళీ చేసి, రెండు చివర్లూ తెరిచి, నీడలో నిలబడి టార్చితో వేడి చేయండి. ఎండలో చేస్తే రంగు తెలియదు. మందారపు ఎరుపు కాదు, మాడిన ఎరుపు, అదీ కనపడీ కనపడనట్టు ఉండాలి, అంతే చాలు. తర్వాత నీళ్లలో ముంచినా సరే, గాలికి వదిలేసినా సరే, మెత్తబడుతుంది. కొలిమి పని తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది కదా. రాగికి ఆ గుణం లేదు. కాకపోతే కాల్చిన రాగికి లోపలా బయటా నల్లటి పొర కడుతుంది, అది రాలి నూనెలో పడుతుంది, కాబట్టి శుభ్రం చేయాలి.

దేనితో? మీ అమ్మగారు రాగి చెంబు దేనితో తోముతారు? చింతపండు. అదే. చింతపండు పిసికిన నీళ్లు వేడిగా కాయిల్ నిండా పోసి గంట ఉంచి, కడిగి, మళ్లీ పొయ్యండి. తర్వాత ఒకసారి గడ్డి లేకుండా ఉత్త నీళ్లతో బట్టీ నడిపి, దిగిన నీళ్లు పారబోయండి.

చింతపండు చెప్పాక ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. పులుపు రాగిని మెరిపిస్తుంది అంటే, పులుపు రాగిని కరిగిస్తుంది అని కూడా అర్థం. పూర్వం ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే కళాయి వేయించేవాళ్లు, ఊరికే కాదు. ఆకుల్లోంచి దిగే సెంటు నీళ్లకు కాస్త పులుపు ఉంటుంది. కాయిల్ తడిగా వదిలేస్తే చిలుము పడుతుంది, తర్వాతిసారి మొదట దిగే నీళ్లు లేత పచ్చగా ఉంటాయి. అది ఆకు రంగు అనుకుని సంతోషపడకండి, రాగి అది. పారబోయండి. పని అయిన ప్రతిసారీ కడిగి, గట్టిగా ఊది, ఆరబెట్టి, చివర్లకు గుడ్డ కట్టి పెట్టుకోండి. మళ్లీ వాడేముందు ఇంకోసారి ఊది చూడండి, గుడ్డ తీయడం మర్చిపోతారు, లేదా గుడ్డ కట్టడం మర్చిపోతే లోపల పురుగు గూడు కడుతుంది.

ఇంకా సూటిగా చెప్పాలంటే, నూనె అమ్ముకునేవాళ్లు స్టీలు కండెన్సర్‌కు, అంటే ఆవిరిని చల్లబరిచే స్టీలు సామానుకు, వెళ్లండి. రాగి తగిలితే నూనె రంగు మారవచ్చు, కొనేవాడు రంగే చూస్తాడు. బ్యాటరీలో పోసే నీళ్లకు కూడా ఈ కాయిల్ వద్దు, రాగి కలిసిన నీళ్లు బ్యాటరీని పాడు చేస్తాయి. మరి రాగి ఎందుకు అంటారా? చేత్తో వంగుతుంది, స్టీలు వంగదు. వేడిని స్టీలు కన్నా ఇరవై రెట్ల పైన బాగా లాగుతుంది, అయితే గొట్టం గోడ మిల్లీమీటరు కూడా లేదు కాబట్టి పనిలో అంత తేడా కనపడదు, నిజం చెప్పాలి కదా. నేర్చుకోవడానికి, మన గడ్డిని మనం తెలుసుకోవడానికి, ఇంట్లో గులాబీ నీళ్లు చల్లుకోవడానికి రాగి.

అతుకులు వస్తే, ఏసీ మెకానిక్ దగ్గర బ్రేజింగ్ చేయించండి, అంటే కడ్డీ కరిగించి అతికించడం, ఫాస్ఫరస్ కలిసిన రాగి కడ్డీతో, కాడ్మియం లేనిదేనా అని అడిగి మరీ. రేడియో రిపేరు సోల్డర్ వద్దు, అందులో సీసం ఉంటుంది. అమెరికాలో పాత కారు రేడియేటర్లను కండెన్సర్లుగా పెట్టి దొంగసారా కాచినచోట, ఆ రేడియేటర్ అతుకుల్లోని సీసం తాగినవాళ్ల ఒంట్లోకి ఎక్కిన కేసులు ఎన్నో డాక్టర్లు రాశారు. అసలు అతుకే లేకుండా, బట్టీ మూతి నుంచి సీసా దాకా ఒకే గొట్టం అయితే ఇంకా మంచిది. బకెట్ అడుగు పక్కన చిల్లు పెట్టి గొట్టం బయటికి తెచ్చేచోట ట్యాంక్ నిపిల్, రబ్బర్ వాషర్ వేసి, సందులో ఎం-సీల్ పెట్టండి. అది బయటివైపు, నూనెకు తగలదు.

సీసాలో నిమ్మగడ్డి నూనె పైన తేలుతుంది, నీటికన్నా తేలిక. వట్టివేరు నూనె అంత సులువుగా తేలదు, దాన్ని విడదీయడం వేరే రోజు మాట్లాడుకోవాలి.

మాటలు చాలు. ఇసుక వేయించి తెచ్చాను, చల్లారింది. గొట్టం పొద్దున్నే నింపి పెట్టాను, తట్టి చూడండి, ఎక్కడైనా కణకణ మంటే చెప్పండి. ఇద్దరు రండి. అమ్మా, మీరు రండి, వట్టివేరు అన్నారు కదా, మీరు కేసింగ్ తిప్పండి. తమ్ముడూ, నువ్వు మళ్లీ రా, ఈసారి గొట్టం నీ చేతిలో. అరచెయ్యి ఆనించు. వేళ్లు కాదు, అరచెయ్యి. ఆఁ, అలా. తిప్పండమ్మా, మెల్లగా.